గడప ముందరి బెల్టు

లెక్క అరవై ఒక్క శాతం దగ్గర ఉంది. పెద్దపల్లి కోర్టు వరండాలో సాక్షుల బల్ల మీద కూర్చున్న సుజిత ఫోను తెరిచి చూసింది, మూసింది, నిమిషం కాకముందే మళ్లీ తెరిచింది, అరవై ఒకటే. హైదరాబాదులో, తన ల్యాబులో, ఎవరూ లేని చల్లటి గదిలో ఒక కంప్యూటరు ఓ పాప తలను రెండడుగుల ఎత్తు నుంచి జారవిడుస్తోంది. పొద్దున ఎనిమిదింటి నుంచీ జారవిడుస్తూనే ఉంది. తల నేలను తాకడం రెప్పపాటులో పదో వంతు కూడా కాదు గాని, ఆ కాస్తనూ వేల ముక్కలు చేసి, ముక్క ముక్కకూ ఎముక ఎక్కడ ఎంత వంగిందో లెక్కకట్టాలంటే నాలుగు గంటలు కావాలి మరి. పాప అంటే బొమ్మే, పేరు లేదు, మొహం లేదు. పదకొండు నెలల పుర్రె, లోపల మెదడు, చుట్టూ నీళ్లు, నడినెత్తిన ఇంకా గట్టిపడని మెత్తటి చోటు, అంతా కలిపి పన్నెండు లక్షల చిన్న చిన్న పలుకులు. వాటిని సుజితే ఆరేళ్లు కూర్చుని ఒక్కొక్కటీ పేర్చింది. పిలుపు పన్నెండింటికి రావచ్చన్నాడు జవాను. ఇప్పుడు పదిన్నర. ఆలోపు లెక్క తేలితే, ఎదురు బల్ల మీది ముసలమ్మ పసిదాన్ని చంపిందో లేదో తెలిసిపోతుంది. తేలకపోతే బోనెక్కి ఏం చెప్పాలి? ఏమో, దేవుడికే తెలియాలి.

ముసలమ్మ పేరు లింగవ్వ. పక్కన ఆడ కానిస్టేబులు ఫోనులో మునిగి ఉంది, ఆమెను చూసేవాళ్లెవరూ లేరు, అందుకే సుజిత చూస్తోంది. ఏడు నెలల జైలు ఆమె చెంపల్ని లోపలికి లాగేసింది గాని వేళ్లను మాత్రం ఆపలేకపోయింది. ఒళ్లో చాట లేదు, ఆకు లేదు, తంబాకు లేదు, అయినా ఆ రెండు వేళ్లూ బొటనవేలూ బీడీ చుడుతూనే ఉన్నాయి, చుట్టడం, అంచు నొక్కడం, పక్కన పెట్టడం, మళ్లీ చుట్టడం. కేసు ఏమిటంటే, కోడలు మమత పరీక్ష రాయడానికి పోయిన రోజున, ఏడుస్తున్న మనవరాలిని విసుగెత్తి బీడీల కత్తెర పిడితో కణత మీద కొట్టిందని. పీడ, అని ఆమె పసిదాన్ని తిట్టగా విన్నామని ఇరుగుపొరుగు చెప్పారట. తిట్టే ఉంటుంది. ఎండాకాలం, కరెంటు లేదు, పిల్ల ఊరుకోదు, ఏ ముసలమ్మ తిట్టదు? మమత అన్న జగదీశ్వర్ ఫిర్యాదు ఇచ్చాడు. లింగవ్వ మొదటి రోజు నుంచీ ఒకటే మాట, అన్నం దించుదామని లోపలికి పోయిన, పిల్ల గడప ముందటి మంచం మీదనుంచి దొర్లి గచ్చు మీద పడ్డది, ఏడ్చింది, పండుకున్నది, రెండు గంటలకు కక్కుకున్నది. మూడో రోజు పాప కరీంనగర్ దవాఖానలో పోయింది. కొట్టిందని రాసింది పోలీసులు. ఆ రాతకు ప్రాణం పోసింది మాత్రం సుజిత.

అప్పుడామెకు లింగవ్వ ఎవరో తెలియదు. తెలియకూడదనే ల్యాబులో ఫైలుకు నంబరే తప్ప పేరుండదు, మనసు లెక్కలో వేలు పెట్టకూడదట. ఈ ఫైలు నంబరు నూట పద్నాలుగు. ఎంత నున్నటి ఏర్పాటో! నూట పద్నాలుగులో పాప బరువు ఉంది, మంచం ఎత్తు ఉంది, కుడి కణత మీద పక్కపక్కనే రెండు చిన్న సొట్టలున్నాయి, వాటి కింద పగులు, పగులు కింద తెగిన రక్తనాళం. గడప దగ్గర పోలీసులు తీసిన ఫొటోలు ఉన్నాయి, సిమెంటు గచ్చు. సుజిత పాపను సిమెంటు గచ్చు మీద నలభై రకాలుగా పడేసింది, పక్కకు, బోర్లా, తలకిందులుగా. పగుళ్లు వచ్చాయి, రెండు సొట్టలు ఒక్కసారీ రాలేదు. ఎలా వస్తాయి, చదునైన నేల ఎముకను పరుచుకుని నొక్కుతుంది గాని గుచ్చదు గదా. నేల తీసేసి ఇనుప పిడి పెట్టింది, సొట్ట దిగింది. అదే రాసింది. చదునైన సిమెంటు నేల మీద పడితే ఇటువంటి గాయం కలగదు, చిన్న గట్టి ఇనుప వస్తువు తగిలితే కలుగుతుంది. రాసి, టీ తాగి, నూట పదిహేను తెరిచింది. ఆ రెండు వాక్యాలూ ఇప్పటికీ నిజమే, బాధంతా అదే. ఒక ఫొటోలో గడప ముందర మూడడుగుల మేర గచ్చు మిగతా దానికన్నా తెల్లగా కనిపించింది, కడిగిన మరకలే అనుకుంది. కడిగిన మరక అంత నలుచదరంగా ఉంటుందా? ఉండదు. ఏళ్ల తరబడి ఏదో పరిచి ఉంచిన చోటు అది. తను గోదావరిఖని పిల్ల, పద్దెనిమిదేళ్లు బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన పిల్ల, ఆ తెల్లటి చోటును చూసి గుర్తుపట్టలేదు. థూ, ఏం చదువు ఇది.

అరవై ఎనిమిది. పొద్దున ఆరున్నరకు అమ్మ ఇంటి గడప దాటుతుంటే కాలి బొటనవేలికి చురుక్కుమని తగిలింది, కిందికి చూస్తే బెల్టు. ఎప్పుడూ ఉండే బెల్టే, నాన్న పరిచింది. గనిలో బొగ్గు మోసే రబ్బరు పట్టా, ఈ బొగ్గు బెల్టులో బతికేవాళ్లకు అది లేని గడప ఉండదు, కాళ్లు తుడుచుకోవడానికి, స్నానాల గదిలో జారకుండా, కోళ్ల గూటి మీద కప్పుకు, అన్నిటికీ అదే. అమ్మ సత్యవతి లోపలి నుంచి మామూలుగా అంది, కూర తిరగమోత పెడుతూ, ఎన్నడూ దాచిపెట్టనిదాన్లాగే అంది.

“చూస్కోని నడువు. చిన్నప్పుడు నెత్తి పగలగొట్టుకున్నది సాలదా గా క్లిప్పులకు?”

“నేను పడ్డది గచ్చు మీద గదా మమ్మీ?”

“దవాఖాన్ల గట్ల చెప్పినం. బెల్టు మీద అంటే మీ డాడీ నౌకరి ఉంటుండెనా?”

ఎడమ కనుబొమ్మ పైన, జుట్టు కప్పేచోట, ఆ గీత సుజిత చేతికి రోజూ తగులుతూనే ఉంటుంది, తలదువ్వినప్పుడల్లా, ముప్పై ఏళ్లుగా. గచ్చు మీద పడ్డావని నాన్న చెప్పాడు, అమ్మ చెప్పింది, చర్చిలో పాస్టరమ్మకూ అలాగే చెప్పారు, బడిలో తను అందరికీ అలాగే చెప్పింది. తన గాయం గురించి తనకు తెలిసిందే అబద్ధం! నాన్న శాంతిరాజ్ బెల్టు ఫిట్టరు. తెగిన బెల్టును ఇనుప క్లిప్పులతో కుట్టడం ఆయన పని. పాత అతుకు పాడైతే ఆ అతుకు ముక్కను కోసి పారేసి కొత్తగా కుడతారు, పారేసిన ముక్కే ఇంటికొస్తుంది, మంచి బెల్టు ఎవరు ఇస్తారు? అందుకే ప్రతి గడప ముందరి ముక్కలోనూ మధ్యన ఒక క్లిప్పుల వరస ఉంటుంది. నాన్న తెచ్చిన రోజున సుత్తితో వాటిని లోపలికి దిగ్గొట్టేవాడట, నున్నగా అయ్యేదాకా. కాని రబ్బరు అరుగుతుంది, ఇనుము అరగదు. నడిచీ నడిచీ రబ్బరు కుంగితే క్లిప్పులు తేలతాయి, పక్కపక్కన, చిన్నచిన్నవి. పారేసిన ముక్క అయినా కంపెనీ సొత్తే, గేటు దగ్గర దొరికితే దొంగతనం, చార్జిషీటు. వాడకట్టులో అందరి ఇళ్లలోనూ ఉంటుంది, అందరూ లేదంటారు. పోలీసో, సెక్యూరిటీయో, ఖాకీ బట్ట ఎవరిదైనా సందు మొదట్లో కనబడితే చాలు, గడపల ముందు బెల్టులన్నీ చుట్టలు చుట్టుకుని ఇళ్ల వెనక్కి పోతాయి. ఆ పరుగు తనూ పరిగెత్తింది చిన్నప్పుడు, నవ్వుకుంటూ, బరువు మోయలేక ఈడ్చుకుంటూ.

నవ్వుకుంటూ. లింగవ్వ ఇంట్లోనూ ఎవరో అలాగే పరిగెత్తి ఉంటారు. మమ్మీ, ఏ లింగవ్వ, అని అడిగింది నిన్న రాత్రి సమన్లు చూపించి. ఇంకే లింగవ్వ, మన పక్క క్వార్టర్ల ఉండె చూడు, ఆగయ్య భార్య, నువ్వు బడికి పోకముందే కమాన్‌పూర్ దిక్కు మారిపోయిండ్రు. మరి వాళ్లింట్లో బెల్టు ఉండేదా, అని పొద్దున అడిగింది. ఉండకేం, మీ డాడీ ఒక్క ముక్కను రెండు చేసి వాళ్లకు సగం మనకు సగం పరిచిండు. ఒక్క ముక్క! అప్పుడు సుజిత బొటనవేలి నొప్పి మరచి, చెప్పులు విడిచి, గడప ముందు గొంతుక్కూర్చుని అమ్మ కుట్టుపని టేపుతో క్లిప్పుల మధ్య దూరం కొలిచింది. కొలిచి నూట పద్నాలుగు కాగితాలు తీసింది. రెండు సొట్టల మధ్య దూరం, రెండు క్లిప్పుల మధ్య దూరం, రెండూ ఒకటే. అమ్మ చట్నీ వేసిన పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది, తినవే, ఏమైందే, అంటోంది. ల్యాప్‌టాప్ తెరిచి, గచ్చు మీద రబ్బరు వేసి, రబ్బరులో రెండు ఇనుప గుబ్బలు లేపి, పాపను మళ్లీ మంచమెక్కించింది. బస్సెక్కే ముందు అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది, నా బిడ్డ నోట సత్యమే రావాలె ప్రభువా అని. ముప్పై ఏళ్ల కిందట ఇదే నోటితో గచ్చు అని చెప్పించినావిడ.

డెబ్బై తొమ్మిది. ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు, తెల్ల పంచె, గుండెలో గలగలమంటున్న ఊపిరి. ఆగయ్య. ముప్పై అయిదేళ్లు భూమిలో దిగి ఎక్కినవాడు, ఊపిరితిత్తులు చెడి, మెడికల్‌లో అన్‌ఫిట్ చేశారు, ఆ ఊపిరికి బదులు కొడుకు కిషన్‌కు నౌకరి ఇస్తారు. వెనకాల దూరంగా స్తంభానికి ఆనుకున్న తెల్ల చొక్కా కుర్రాడు కిషనే అయి ఉండాలి, చచ్చిన పాపకు తండ్రి, బోనెక్కబోయే తల్లికి కొడుకు, ఇటు చూడడం లేదు. సాక్షి నిందితురాలి మనుషులతో మాట్లాడకూడదని సుజితకు తెలుసు. అయినా లేచి నిలబడింది. శాంతిరాజు బిడ్డవు గదా, అన్నాడు ఆగయ్య, కనుబొమ్మ మీది గీతనే చూస్తూ. కోర్టులకు ఎందుకొచ్చినవు బిడ్డా, భూముల పంచాయతీ గిట్ల ఉన్నదా? మా కర్మ ఇట్ల కాలింది సూడు. ఏదో కంప్యూటరట, పట్నంల, అది రాసిచ్చిందట కొట్టినట్టు. మేం పడ్డదంటం, అది కొట్టిందంటది. కంప్యూటరు మాట ముంగట మా మాట ఎవలు వింటరు? సుజిత, ఆ కంప్యూటరు నేనే కాకా, అనాలి. అనలేదు.

“కాకా, ఆ రోజు గడప ముందట బెల్టు ఉండెనా?”

ఆగయ్య వెనకాల స్తంభం దగ్గరి కొడుకు వైపు ఓసారి చూశాడు. తర్వాత చాలా మెల్లగా చెప్పాడు. ఉన్నది. పోలీసులు వస్తున్నరంటే కిషన్ దాన్ని చుట్టి ఓపెన్‌కాస్టు గని మట్టికుప్పలల్ల పారేసి వచ్చిండు, వాని నౌకరి కాగితాలు అప్పుడే పైకి పోయినయి, బెల్టు దొరికితే ఆ కాగితాలు ఆడనే చిరుగుతయి. పిల్ల గచ్చు మీద పడ్డా బెల్టు మీద పడ్డా పడుడు పడుడే గదా బిడ్డా, అంతేనా? అంతే అనుకున్నం. సుజిత ఆయన చెయ్యి పట్టుకుంది. అంతే కాదు కాకా, బెల్టు ఉందని చెప్తే అవ్వ బయటికి వస్తుంది, ఆ క్లిప్పులే తగిలాయి, ఆమె కొట్టలేదు, అని గబగబా చెప్పింది. ఆగయ్యకు అర్థమైంది, కళ్లలో తెలిసింది. ఆయన మెల్లగా తల తిప్పి ఎదురు బల్ల వైపు చూశాడు. లింగవ్వకు ఇక్కడి మాటలు వినబడవు, అయినా ఆమె వేళ్లు ఆగాయి. ఏడు నెలల తర్వాత మొదటిసారి ఆగాయేమో. ఆమె తల అడ్డంగా ఊపింది, ఒక్కసారే.

“అది వద్దంటాంది. సోమవారం కిషన్ డ్యూటీల చేరాలె. నీకు దండం పెడుత బిడ్డా, ఆ బెల్టు ముచ్చట తియ్యకు.”

తొంభై రెండు. మళ్లీ బల్ల. ఫోను చేతిలో వేడెక్కింది. పదకొండు నెలల ఎముక గురించి ప్రపంచంలో ఎవరికీ సరిగ్గా తెలియదు, ఆ సంగతి సుజితకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెద్దవాళ్ల ఎముకల మీద ఎన్ని పరీక్షలైనా ఉన్నాయి, పిల్లలవి ఎవరిస్తారు? ఎక్కడో దూరదేశంలో కొందరు తల్లిదండ్రులు, చచ్చిన పిల్లల తలలను పరీక్షకు ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్లు, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాళ్లిచ్చిన నాలుగు ముక్కల మీదే ఆమె ఆరేళ్ల పని నిలబడి ఉంది. వాళ్లకు అప్పుడు ఎలా ఉండి ఉంటుంది అని ఎన్నడూ అనుకోలేదు, అంకెలు తీసుకుంది, అంతే. కణత దగ్గర ఎముక అట్ట కన్నా కాస్త మందం. బెల్టు మీద పడ్డప్పుడు తనకు నాలుగేళ్లు, గీత కనుబొమ్మ పైన పడింది, మందమైన చోట. రెండు వేళ్లు పక్కకు తగిలి ఉంటే తనూ కక్కుకుని పడుకునేది. రక్తం కంట్లోకి దిగడం జ్ఞాపకం ఉంది, లోకమంతా ఎర్రగా, ఎవరో ఎత్తుకుని పరుగెత్తడం, కొంగుతో తల గట్టిగా అదిమిపెట్టడం, ఆ కొంగుకు వాసన, ఘాటుగా, ఆకు వాసన, తంబాకు వాసన. అమ్మే అనుకుంది ఇన్నాళ్లూ. అమ్మ బీడీలు ఎన్నడు చుట్టింది? అమ్మ అప్పుడు తమ్ముణ్ణి కని పచ్చి బాలింత, మంచం దిగలేదు. వేలిముద్రలాగ ఆ వాసన ముప్పై ఏళ్లు తనలోనే ఉండిపోయి, ఇప్పుడు ఈ వరండాలో పేరు చెప్పింది. దవాఖానలో డాక్టరు అడుగుతున్నాడు, ఎట్ల తగిలింది, ఎట్ల తగిలింది, ఆకు వాసన గొంతు రొప్పుతూ చెబుతోంది, గచ్చు మీద పడ్డది సారూ, గచ్చు మీద.

ఫోను కంపించింది. పూర్తయింది. సుజిత బొమ్మను వేళ్లతో పెద్దది చేసింది. మొహం లేని పాప, నీలం పుర్రె, కుడి కణత మీద పక్కపక్కనే రెండు ఎర్రటి చుక్కలు, శవపరీక్ష కాగితంలో గీసినట్టే, వెంట్రుకవాసి తేడా లేదు. చుక్కలనుంచి పగులు సరిగ్గా రక్తనాళం మీదికే పోయింది. లింగవ్వ కొట్టలేదు. అనుకున్న మాటే అయినా సుజిత బొమ్మను ఇంకోసారి తిప్పి చూసింది. సంతోషం కావాలి గదా ఇప్పుడు? రాలేదు. నిజం చెబితే కొడుకు నౌకరి, ఆగయ్య ఊపిరి, రెండూ మట్టిలో పోతాయి. చెప్పకపోతే ఈమె జైల్లోనే చచ్చిపోతుంది, చేయని పాపానికి, అదీ మనవరాలిని చంపిన పేరుతో. ఆమె దానికి ఒప్పుకుని కూర్చుంది. ఆమె ఒప్పుకుంటే తనకేం? ఆమె వద్దన్నా చెబుతానా? ఎవరి ప్రాణం ఇది, నాదా? జవాను గుమ్మంలోకి వచ్చి పేరు పిలిచాడు.

లోపల ఫ్యాను పెద్దగా చప్పుడు చేస్తోంది. దేవుని సాక్షిగా అంతా నిజమే చెబుతాను, అంది. బోను పక్కన లింగవ్వ, చివరి బల్ల మీద ఆగయ్య, కిషన్. ప్రభుత్వ వకీలు నివేదిక చేతికిచ్చి, ఇది మీరు రాసిందేనా, అన్నాడు. అవును. వెనక బల్ల మీద ఆగయ్య మొహం ఎత్తాడు, సుజితకు అటు చూసే ధైర్యం లేకపోయింది. ఈ గాయం సిమెంటు నేల మీద పడితే అవుతుందా? అవదు. గట్టి ఇనుప వస్తువు తగిలితే అవుతుందా? అవుతుంది. దట్సాల్, అని ఆయన కూర్చున్నాడు. పాపం, లింగవ్వకు కోర్టు ఇచ్చిన కుర్ర వకీలు సగం లేచి, అడిగేదేం లేదన్నాడు. అంతే, అయిపోయింది. అడిగినదానికి జవాబు చెప్పింది, ఒక్క అబద్ధం ఆడలేదు, దిగి వెళ్లిపోవచ్చు, సాయంత్రం రామగుండంలో రైలెక్కవచ్చు. నాలుగు నిజాలు చెప్పి ఒక మనిషిని పూడ్చిపెట్టవచ్చని ఆమెకు అప్పుడు తెలిసింది. మెట్టు మీద ఒక కాలు పెట్టింది. అక్కడే ఆగింది.

“సార్, నేను తప్పు నేల మీద లెక్కకట్టాను,” అంది. “పాప పడింది గచ్చు మీద కాదు. గచ్చు మీద కంపెనీ బెల్టు ఉండేది, ఇనుప క్లిప్పులతో.”

టైపు కొట్టే అమ్మాయి చేతులు ఆగాయి. జడ్జి గారు కళ్లద్దాలు సవరించుకునేలోపే లింగవ్వ లేచి నిలబడింది, ఆడ కానిస్టేబులు చెయ్యి విదిలించుకుని.

“బెల్టు లేదు సారూ,” అంది, వణకకుండా. “మా ఇంట్ల బెల్టు ఎన్నడు లేదు. కత్తెరతోని నేనే కొట్టిన. రాసుకోండ్రి.”

నిందితురాలిని కూర్చోబెట్టమన్నారు. కూర్చోబెట్టారు. మీరు ఆ ఇంటికి వెళ్లారా, బెల్టు చూశారా, ఎలా చెబుతున్నారు, అని జడ్జి గారు సుజితను అడిగారు, కటువుగానే. లెక్క గురించి చెప్పాలి, రెండు సొట్టల దూరం గురించి చెప్పాలి, అవన్నీ తర్వాత చెప్పింది, కాగితం మీద గీసి కూడా చూపించింది. ముందు మాత్రం చేత్తో జుట్టు పైకి నెట్టి, కనుబొమ్మ మీది గీత చూపించి, ఇది గచ్చు మీద పడితే తగిలింది కాదు సార్, అంది. ఆ బెల్టులో రెండో ముక్క మా ఇంటి గడప ముందరే ఉంది, మా నాన్నే తెచ్చాడు, మనిషిని పంపి తెప్పించుకోండి. చివరి బల్ల దగ్గర చప్పుడైంది. కిషన్ లేచి, ఎవరినీ చూడకుండా, తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. ఆగయ్య లేవలేక దగ్గుతూ ఉండిపోయాడు. టైపు మళ్లీ మొదలైంది. బెల్టు, క్లిప్పులు, ఒక్కో మాటా కాగితం మీద పడుతోంది, ఇక ఎవరూ తుడవలేరు. సుజిత దిగి వస్తుంటే దారి ఇరుకు, లింగవ్వ పక్కనుంచే పోవాలి. తంబాకు వాసన లేదు, జైలు సబ్బు వాసన. ముసలమ్మ తల ఎత్తలేదు, గొంతు కూడా ఎత్తలేదు.

“నీ నెత్తి పగిలిన్నాడు బెల్టు ముచ్చట నేను చెప్పలే బిడ్డా,” అంది.